హై-హ్యాట్ మీద ఒక చెయ్యి: జెఫ్ పొర్కారో కథ

జెఫ్ పొర్కారో అన్న పేరు మన క్యాంపస్‌లో డ్రమ్స్ వాయించే నలుగురైదుగురికి తప్ప మిగతావాళ్లకి తెలియకపోవచ్చు. అతని చేతి చప్పుడు మాత్రం మనందరం వినే ఉంటాం. మైకేల్ జాక్సన్ 'బీట్ ఇట్'లో డ్రమ్స్ అతనివే. నలభై ఏళ్ల తర్వాత కూడా రీల్స్‌లో, మీమ్స్‌లో మళ్లీ మళ్లీ తేలే 'ఆఫ్రికా' పాటలో డ్రమ్స్ అతనివే, ఆ పాట రాసిన ఇద్దరిలో కూడా అతనొకడు. పింక్ ఫ్లాయిడ్ 'ద వాల్' ఆల్బమ్‌లో 'మదర్' పాటకి వాయించిందీ అతనే. 1992లో, 38 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంటే మనలో ఎవరమూ పుట్టకముందే.

అతని గురించి రాయాలని నాకు అనిపించడానికి ఒక ప్రశ్న కారణం. ఒక మనిషి లయ కచ్చితంగా ఉంది అంటే అర్థం ఏమిటి? గడియారంలా ఉందనా, ఇంకేదైనానా? మన ఈసీఈ ల్యాబ్ రికార్డుల్లో అసలు విలువ నుంచి పక్కకి జరిగిన ప్రతిదాన్నీ ఎర్రర్ అనే రాస్తాం. జెఫ్ రికార్డింగులు వింటూ, వాటి మీద జరిగిన ఒక పరిశోధన చదువుతూ ఉంటే, సంగీతానికి ఆ మాట అంత తేలిగ్గా వాడలేం అనిపించింది. అందుకే ఇక్కడ అతని జీవితంతో పాటు కొన్ని రికార్డింగులని కూడా విడదీసి చూపిస్తాను. హెడ్‌ఫోన్స్ ఉంటే దగ్గర పెట్టుకోండి.

ఇంట్లోనే గురువు

జెఫ్ 1954 ఏప్రిల్ 1న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జో పొర్కారో పెర్కషన్ వాద్యకారుడు. డ్రమ్స్ మాత్రమే కాదు, మరింబా లాంటి వాద్యాలు కూడా వాయించేవారు. జెఫ్‌కి ఏడేళ్లప్పుడు ఆయన దగ్గరే మొదటి పాఠాలు. తర్వాత తమ్ముళ్లు మైక్, స్టీవ్ కూడా సంగీతంలోకే వచ్చారు. మైక్ బేస్ గిటార్ వైపు, స్టీవ్ కీబోర్డ్స్ వైపు వెళ్లారు. మన దగ్గర నాదస్వరం, డోలు వాయించే కుటుంబాల్లో పిల్లలు నడక నేర్చుకునేసరికే తాళం వచ్చేసినట్టు, ఆ ఇంట్లో కూడా లయ అనేది ప్రత్యేకంగా కూర్చుని మొదలుపెట్టాల్సిన చదువు కాదు.

1964లో న్యూయార్క్‌లో పెద్ద ప్రపంచ ప్రదర్శన ఒకటి జరిగింది. పది పదకొండేళ్ల జెఫ్ ఇంట్లోవాళ్లతో కలిసి వెళ్లి, అక్కడి ఆఫ్రికా మండపంలో డ్రమ్మర్లు వాయించడం చూశాడు. ఒక్కొక్కరిది ఒక్కో చిన్న భాగం. ఆ భాగాన్నే ఎంతసేపైనా, దాని నుంచి జరగకుండా వాయిస్తున్నారు. ఎవరూ సొంత ప్రతాపం చూపించట్లేదు. అన్నీ కలిస్తే మాత్రం ఒళ్లు జలదరించే లయ. ఆ సంగతి అతను పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు. ఒకే చిన్న ముక్కని విసుగు లేకుండా, మార్చకుండా వాయించడంలో ఉన్న బలం అతనికి అక్కడ తెలిసింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, 'ఆఫ్రికా' దగ్గర పనికొస్తుంది.

1960ల మధ్యలో కుటుంబం లాస్ ఏంజెలెస్‌కి మారింది. సినిమాలు, టీవీ, రికార్డు కంపెనీలు అన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి స్టూడియోల్లో వాయించే కళాకారులకి పని అక్కడే దొరికేది. జో కూడా ఆ స్టూడియోల్లో చాలా ఏళ్లు వాయించారు. పిల్లలు గ్రాంట్ హైస్కూల్‌లో చేరారు. అక్కడి సంగీతం పిచ్చి ఉన్న కుర్రాళ్లే తర్వాత టోటో అనే బ్యాండ్ అయ్యారు. అందులో ముఖ్యుడు డేవిడ్ పెయిచ్. అతని తండ్రి మార్టీ పెయిచ్ కూడా పేరున్న అరేంజర్.

స్కూలు వదిలి స్టూడియోకి

పదిహేడేళ్లకే జెఫ్‌కి సనీ అండ్ షెర్ జంట దగ్గర డ్రమ్మర్‌గా ఉద్యోగం వచ్చింది. అప్పట్లో వాళ్లు టీవీలో పెద్ద తారలు. స్కూలు చివరి ఏడాది పూర్తికాకుండానే టూర్‌కి వెళ్లిపోయాడు. తర్వాత స్టీలీ డాన్ బృందంతో కలిశాడు. ఆ బృందాన్ని నడిపిన డొనాల్డ్ ఫేగన్, వాల్టర్ బెకర్‌లకి స్టూడియోలో ఒక పట్టాన ఏదీ నచ్చదని పేరు. అలాంటివాళ్లు 1975లో వచ్చిన 'కేటీ లైడ్' ఆల్బమ్‌లో ఒక్క పాట తప్ప మిగతా అన్నింటికీ ఇరవై ఏళ్ల జెఫ్ చేతనే వాయింపించుకున్నారు. ఆ మిగిలిన ఒక్క పాటకి వాయించింది హాల్ బ్లేన్. 1960లలో అమెరికన్ పాప్ పాటల్లో సగం ఆయన చేతివే అనిపించేంత పేరున్న డ్రమ్మర్.

1976లో బోజ్ స్కాగ్స్ 'సిల్క్ డిగ్రీస్' వచ్చింది. జెఫ్, పెయిచ్, బేస్ గిటారిస్ట్ డేవిడ్ హంగేట్ అందులో కలిసి పనిచేశారు. ఆల్బమ్ బాగా ఆడింది. మన కోసం మనమే ఎందుకు వాయించకూడదు అని 1977లో టోటో మొదలైంది. తమ్ముడు స్టీవ్, గిటారిస్ట్ స్టీవ్ లూకథర్, గాయకుడు బాబీ కింబల్ చేరారు. 1978లో మొదటి ఆల్బమ్, అందులో 'హోల్డ్ ద లైన్' పెద్ద హిట్.

ఇక్కడే జెఫ్ స్వభావం ఒకటి చెప్పాలి. తన బీట్ ఎక్కడినుంచి వచ్చిందో దాచుకునేవాడు కాదు. 'హోల్డ్ ద లైన్' గురించి అడిగితే, స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందం డ్రమ్మర్ గ్రెగ్ ఎరికోలా వాయించడానికి ప్రయత్నించానని చెప్పేవాడు. తన టైమింగ్ గురించి ఎవరైనా పొగిడితే, అది ఏమంత బాగుండదని కొట్టిపారేసేవాడు. ఈ మాట వినయం కోసం అన్నాడో, నిజంగానే అలా అనుకున్నాడో గానీ, అతని కాలంలో ఆ మాటకి ఇంకో బరువు కూడా ఉంది.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే డ్రమ్ మిషన్లు వచ్చేస్తున్నాయి. స్టీలీ డాన్ ఇంజనీర్ రోజర్ నికొల్స్ 'గాచో' ఆల్బమ్ కోసం వెండెల్ అనే డిజిటల్ యంత్రాన్ని తయారుచేశాడు. డ్రమ్మర్ వాయించిన దెబ్బల్ని దాచుకుని, కావలసిన సమయానికి సరిగ్గా పడేలా మళ్లీ వినిపించడం దాని పని. ఆ ఆల్బమ్ 1980లో వచ్చింది. అదే ఏడాది రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎమ్-1 మార్కెట్లోకి వచ్చింది. నిజమైన డ్రమ్స్ శబ్దాల శాంపిల్స్‌తో పనిచేసిన మొదటి డ్రమ్ మిషన్ అది. అలసిపోదు, ఆలస్యంగా రాదు, గంటల లెక్కన డబ్బు అడగదు. స్టూడియో డ్రమ్మర్ల పొట్ట మీద పడే వస్తువు. ఏఐ వచ్చి మన కోడింగ్ ఉద్యోగాలు ఏమవుతాయో అని మనం మెస్‌లో మాట్లాడుకున్నట్టే, వాళ్లూ మాట్లాడుకునే ఉంటారు. జెఫ్ గొప్ప రికార్డింగులు చాలావరకు సరిగ్గా ఆ రెండు మూడేళ్లలోనే పుట్టాయి.

'రొజానా'ని విడదీద్దాం

1982లో వచ్చిన 'టోటో 4' ఆల్బమ్‌లో మొదటి పాట 'రొజానా'. పెయిచ్ రాశాడు. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. డ్రమ్మర్లకి మాత్రం ఇది పాట కన్నా ఒక పరీక్ష లాంటిది. ప్రపంచంలో డ్రమ్స్ నేర్చుకునే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు 'రొజానా షఫుల్' ముందు కూర్చుని చెమటలు కక్కాల్సిందే.

షఫుల్ అంటే మన భాషలో తిశ్ర నడక. ఒక్కో మాత్రని మూడుగా విడగొట్టాలి: త-కి-ట. నాలుగు మాత్రల బార్‌కి మొత్తం పన్నెండు గళ్లు. ఇప్పుడు రెండు చేతులు ఏం చేస్తాయో చూడండి. చుక్క ఉన్నచోట ఖాళీ.

కుడి చెయ్యి, హై-హ్యాట్: త · ట | త · ట | త · ట | త · ట

ఎడమ చెయ్యి, స్నేర్: · కి · | · కి · | ధా కి · | · కి ·

కుడి చెయ్యి ప్రతి మాత్రలో మొదటి గడి, మూడో గడి కొడుతుంది. ఎడమ చెయ్యి మధ్య గడిలో, వినీ వినబడనట్టు మెల్లగా తాకుతుంది. వీటినే ఘోస్ట్ నోట్స్ అంటారు. మూడో మాత్ర మొదటి గడిలో మాత్రం అదే ఎడమ చెయ్యి గట్టిగా కొడుతుంది. నేను 'ధా' అని రాసింది అదే. మామూలు పాటల్లో ఈ గట్టి దెబ్బ రెండు, నాలుగు మాత్రల మీద పడుతుంది. ఇక్కడ మూడో మాత్ర మీద ఒక్కసారే పడటం వల్ల పాట సగం వేగంతో తీరిగ్గా నడుస్తున్నట్టు ఉంటుంది, చేతులు మాత్రం పరుగెడుతూ ఉంటాయి. దీన్ని హాఫ్-టైమ్ షఫుల్ అంటారు.

అసలు కష్టం ఎక్కడుందంటే, ఆ 'ధా' తర్వాత వచ్చే గడిలో. సెకనుకి ఎనిమిదికి పైగా గళ్లు దాటిపోతున్న వేగంలో, ఒక గడిలో పూర్తి బలంతో కొట్టిన చెయ్యే, వెంటనే పక్క గడిలో దాదాపు వినబడనంత మెల్లగా తాకాలి. చాలామంది చేతిలో ఆ 'కి' కూడా పెద్దగా పడిపోతుంది, లేదా అసలు పడదు. హాస్టల్ రూమ్‌లో టేబుల్ మీద రెండు చేతులతో దీన్ని ప్రయత్నించండి. ముందు బాగా మెల్లగా మొదలుపెట్టండి. నా రూమ్మేట్ మూడో రోజుకి ఇయర్‌ప్లగ్స్ కొనుక్కున్నాడు.

ఇక కాలి కింద కిక్ డ్రమ్. దానికి ఆధారం బో డిడ్లీ బీట్. 1950లలో బో డిడ్లీ పాటలతో పేరుపడ్డ, మూడు దెబ్బలు ఒకవైపు, రెండు దెబ్బలు ఒకవైపు పడే నడక. చేతులు తిశ్రంలో తిరుగుతుంటే కాలు దీన్ని మోస్తుంది.

జెఫ్ దీన్ని కూడా నా సొంతం అని చెప్పుకోలేదు. తర్వాత తీసిన ఒక పాఠం వీడియోలో ముక్క ముక్కగా వాయించి చూపిస్తూ, ఏది ఎవరిదో చెప్పాడు. చేతులు బెర్నార్డ్ పర్డీ నుంచి వచ్చాయి. 1977లో స్టీలీ డాన్ 'ఏజా' ఆల్బమ్‌లో 'హోమ్ ఎట్ లాస్ట్' పాటలో పర్డీ వాయించిన షఫుల్ అది. ఇంకొంత లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ నుంచి, 1979 నాటి 'ఫూల్ ఇన్ ద రెయిన్' పాట నుంచి వచ్చింది. కాలు బో డిడ్లీది. ఈ మూడింటినీ ఎవరైనా విని ఉండొచ్చు. మూడూ ఒకే శరీరంలో ఒకేసారి నడవాలంటే ఏం తగ్గించాలో, ఏం పెంచాలో తేల్చినవాడు జెఫ్. మన ప్రాజెక్టుల్లో కూడా లైబ్రరీలు అందరికీ దొరికేవే, వాటిని ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా కలపడమే పని కదా.

ఇంకో సంగతి. పాట చివర్లో వచ్చే వాయిద్యాల భాగం ముందుగా రాసుకున్నది కాదు. రికార్డింగ్ అవుతుండగా ఆపకుండా వాయించుకుంటూ పోయారు, అది బాగుందని ఉంచేశారు. క్లిక్‌కి కట్టేసిన రికార్డింగ్‌లో అలాంటి ఊపు రావడం కష్టం.

ఐదు సెకన్ల టేపు

అదే ఆల్బమ్‌లో చివరి పాట 'ఆఫ్రికా'. పెయిచ్, జెఫ్ కలిసి రాశారు. 1983 ఫిబ్రవరిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

ఇందులో పనితీరు 'రొజానా'కి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ మనిషి మొదటినుంచి చివరిదాకా వాయించాడు. ఇక్కడ జెఫ్ ఒక లూప్ తయారుచేశాడు, అదీ చేత్తో. పెర్కషనిస్ట్ లెనీ కాస్ట్రో కాంగా డ్రమ్స్ మీద, జెఫ్ కిక్, స్నేర్, హై-హ్యాట్ మీద కూర్చున్నారు. క్లిక్ ట్రాక్ లేదు. పాట కూడా లేదు. ఒకే నడకని దాదాపు ఐదు నిమిషాలు అలా వాయిస్తూ పోయారు. తర్వాత వెనక్కి వెళ్లి విని, అందులో అన్నిటికన్నా బాగా కుదిరిన రెండు బార్లని ఎంచుకున్నారు. ఆ ముక్కని టేపు నుంచి కోసి, రెండు కొసలూ కలిపి అతికించి, గుండ్రంగా తిరిగేలా చేశారు.

లెక్క వేసి చూద్దాం. పాట వేగం నిమిషానికి సుమారు 93 బీట్లు. రెండు బార్లంటే ఎనిమిది బీట్లు, అంటే ఐదు సెకన్ల పైచిలుకు. సెకనుకి 30 అంగుళాల వేగంతో నడిచే స్టూడియో టేపు అనుకుంటే, ఆ లూప్ పొడవు దాదాపు 13 అడుగులు. ఇప్పుడు మనం ల్యాప్‌టాప్‌లో కాపీ, పేస్ట్ అని రెండు క్లిక్కుల్లో చేసే పనికి, వాళ్లు బ్లేడు, అతుకు టేపు పట్టుకుని మిషన్ చుట్టూ నిలబడాల్సి వచ్చింది. కోత ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ అయితే మిల్లీసెకన్‌కి పైనే తేడా వస్తుంది.

ఆ లూప్ మీద మిగతా వాద్యాలని ఒక్కొక్కటిగా పేర్చారు. మరింబా, ఇతర పెర్కషన్ కోసం తండ్రి జో స్వయంగా వచ్చి వాయించారు. కొడుక్కి ఏడేళ్లప్పుడు కర్రలు చేతికిచ్చిన మనిషి, అతని అతి పెద్ద హిట్‌లో వాద్యకారుడిగా ఉన్నారు.

ఇప్పుడు ఆ 1964 నాటి మండపం గుర్తుచేసుకోండి. ఒక చిన్న ముక్క, మార్పు లేకుండా, మళ్లీ మళ్లీ. జెఫ్‌కి కావలసింది అదే. అది మిషన్ దగ్గర కూడా దొరుకుతుంది. కానీ అతను మిషన్‌కి ఒక లయ చెప్పి వాయింపించలేదు. ఇద్దరు మనుషులు ఐదు నిమిషాలు ఒకరినొకరు వింటూ సర్దుకున్నాక వచ్చిన రెండు బార్లని మిషన్‌కి ఇచ్చాడు. లూప్ తిరుగుతున్నది యంత్రంలోనే, అందులోని చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు మాత్రం మనుషులవి. యంత్రానికి భయపడటం, యంత్రానికి అప్పజెప్పేయడం, ఈ రెండూ కాకుండా మూడో దారి కూడా ఉందని ఆ లూప్ వింటే తెలుస్తుంది.

గొంతు వెనక డ్రమ్స్

1982లో జెఫ్ తీరిక లేకుండా ఉన్నాడు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'లో నాలుగు పాటలకి వాయించాడు. వాటిలో 'హ్యూమన్ నేచర్' బాణీ తమ్ముడు స్టీవ్ కట్టినదే. 'బీట్ ఇట్' సంగతి లూకథర్ తర్వాత రోజుల్లో చాలాసార్లు చెప్పాడు. ఎడ్డీ వాన్ హేలెన్ గిటార్ సోలో కోసం టేపుని కోయడంతో, రెండు టేపు మిషన్లని కలిపి నడిపే టైమ్ కోడ్ పనికిరాకుండా పోయింది. చేతిలో మిగిలినవి మైకేల్ గొంతు, లయకి వేసిన కొన్ని దెబ్బలు, ఎడ్డీ సోలో. మిగతా పాటంతా మళ్లీ కట్టాలి.

మామూలుగా డ్రమ్స్ ముందు పడతాయి, వాటి మీద గాయకుడు పాడతాడు. ఇక్కడ తలకిందులు. జెఫ్ ఆ గొంతుని వింటూ, కర్రలతో ఒక క్లిక్ తయారుచేసుకుని, దాని మీద డ్రమ్స్ వాయించాడు. తర్వాత లూకథర్ గిటార్లు, బేస్ వేశాడు. అయినా ఆ పాట విన్నప్పుడు డ్రమ్సే గొంతుని మోస్తున్నట్టు ఉంటుంది. వెనక్కి చూస్తూ నడిచినట్టు ఎక్కడా తెలియదు.

1983 గ్రామీల్లో 'టోటో 4' ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్, 'రొజానా' రికార్డ్ ఆఫ్ ద ఇయర్. 1984లో 'థ్రిల్లర్' ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్, 'బీట్ ఇట్' రికార్డ్ ఆఫ్ ద ఇయర్. వరసగా రెండేళ్లు ఆ రెండు పెద్ద అవార్డులూ తెచ్చుకున్న రికార్డుల్లో డ్రమ్స్ ఒకే మనిషివి. డ్రమ్ మిషన్ల వల్ల డ్రమ్మర్ల పని అయిపోయిందనుకున్న రోజుల్లో.

1982లో ఒక చెయ్యి, 2015లో ఒక గ్రాఫ్

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. అదే 1982లో మైకేల్ మెక్‌డొనాల్డ్ 'ఐ కీప్ ఫర్‌గెటిన్' అనే పాట వచ్చింది. అందులో జెఫ్ హై-హ్యాట్ మీద ఒక్కో బీట్‌కి నాలుగు దెబ్బలు కొడతాడు: తకధిమి, తకధిమి. పాట వేగం నిమిషానికి సుమారు 96 బీట్లు. అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య దాదాపు 156 మిల్లీసెకన్లు, సెకనుకి ఆరుకి పైగా దెబ్బలు. చాలామంది దీన్ని రెండు చేతులతో మార్చి మార్చి కొడతారు. జెఫ్ ఒక్క కుడి చేత్తోనే కొట్టాడు. పాట మొత్తం మీద వెయ్యికి పైగా దెబ్బలు.

ఫిన్లాండ్‌లోని టాంపెరె సాంకేతిక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త ఎసా రసానెన్, అతని సహచరులు కలిసి ఈ హై-హ్యాట్‌ని తీసుకుని, ప్రతి దెబ్బ ఎప్పుడు పడింది, ఎంత గట్టిగా పడింది అని కొలిచి, 2015లో ఒక పరిశోధన పత్రం వేశారు. మనం సిగ్నల్స్ క్లాసులో చదివే టైమ్ సిరీస్ విశ్లేషణే.

వాళ్లు చూసింది ఏమిటంటే, దెబ్బల మధ్య విరామాలు అన్నీ సమానంగా లేవు. ఉండవని ఎవరైనా ఊహిస్తారు, మనిషి కదా. ముఖ్యమైన విషయం, ఆ తేడాలు ఇష్టం వచ్చినట్టు పడలేదు. రెండు రకాల క్రమం కనిపించింది. దగ్గరి దెబ్బల్లో చూస్తే, ఒకటి కాస్త ఆలస్యమైతే పక్కది కాస్త తొందరగా పడే ధోరణి ఉంది. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఇది ఫీడ్‌బ్యాక్ అని వెంటనే తడుతుంది: చెవి విన్నది చేతిని సరిచేస్తోంది. ఎక్కువ దూరంలో చూస్తే మాత్రం, ఇప్పటి తేడాకీ చాలాసేపటి క్రితం తేడాకీ సంబంధం ఉంది. పాటలో లయ మెల్లగా అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగడానికి జ్ఞాపకం ఉంది. నాణెం ఎగరేస్తే వచ్చే తేడాలకి అలాంటి జ్ఞాపకం ఉండదు. దెబ్బల బలంలో కూడా ఇదే లక్షణం కనిపించింది. ఇవి కాక, విరామాల్లోనూ బలంలోనూ రెండు బార్లకి ఒకసారి తిరిగి వచ్చే సన్నటి నమూనా ఒకటి బయటపడింది.

ఇలాంటి దీర్ఘకాల సంబంధం ఉన్న తేడాలని వినేవాళ్లు ఎక్కువ ఇష్టపడతారని అంతకుముందు జరిగిన కొన్ని అధ్యయనాలు చెప్పాయి. కాబట్టి పొర్కారో లయని ఆదర్శ గ్రిడ్ పక్కన పెట్టి, గ్రిడ్ నుంచి ఇంత తప్పాడు అని ఎర్రర్ బార్ గీస్తే, పాటలో ఉన్న ప్రాణాన్నే మనం తప్పు ఖాతాలో రాసినట్టు అవుతుంది. తన టైమింగ్ బాగుండదని అనుకున్న మనిషి గ్రాఫ్ చెబుతున్నది వేరే: అతను గడియారంలా వాయించలేదు, కానీ తను వాయిస్తున్నది ప్రతి క్షణం వింటూ వాయించాడు.

ఈ పరిశోధన ఉపయోగాల్లో ఒకటిగా ఆ పత్రంలోనే రాసింది డ్రమ్ మిషన్లని మెరుగుపరచడం. అతని కాలంలో డ్రమ్మర్ల పని తీసుకుపోతుందనుకున్న యంత్రం, ఇప్పుడు ఎలా వాయించాలో అతని చెయ్యి చూసి నేర్చుకోవాలి. దాన్ని తయారుచేసేవాళ్లు మనలాంటి బ్రాంచీలవాళ్లే.

ముప్పై ఎనిమిదేళ్లు

తర్వాతి పదేళ్లలో జెఫ్ ఎన్ని రికార్డింగుల్లో వాయించాడో లెక్కపెట్టడం కష్టం. టోటో బ్యాండ్ ఒకవైపు, పగలూ రాత్రీ ఇతరుల స్టూడియోలు ఇంకోవైపు. 1991లో డైర్ స్ట్రెయిట్స్ 'ఆన్ ఎవ్రీ స్ట్రీట్'లో, 1992లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'హ్యూమన్ టచ్'లో కూడా ఉన్నాడు. 1992లోనే టోటో 'కింగ్‌డమ్ ఆఫ్ డిజైర్' ఆల్బమ్ పూర్తయింది. అది విడుదలయ్యేసరికి జెఫ్ లేడు.

1992 ఆగస్టు 5న, లాస్ ఏంజెలెస్ దగ్గరి హిడెన్ హిల్స్‌లో తన ఇంటి తోటలో పురుగుల మందు కొట్టాక ఒంట్లో బాగోక పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లినా బతకలేదు. ఆ మందు పడకపోవడమే కారణమని మొదట వార్తలు వచ్చాయి. రక్తనాళాలు గట్టిపడి గుండెపోటు వచ్చిందని, దానికి కొకైన్ వాడకం కారణమని కౌంటీ కరోనర్ నివేదిక చెప్పింది. టోటో సహచరులు ఆ మాటని ఒప్పుకోలేదు. ఈ రెండు మాటల్లో ఒకదాన్ని దాచి ఇంకోటే రాయడం నాకు సబబు అనిపించలేదు. ఏది ఏమైనా ముగ్గురు చిన్న కొడుకులున్న తండ్రి ముప్పై ఎనిమిదేళ్లకే పోయాడు.

ఆ డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో అతని జ్ఞాపకార్థం, పిల్లల చదువు కోసం ఒక కచేరీ జరిగింది. బోజ్ స్కాగ్స్, డొనాల్డ్ ఫేగన్, మైకేల్ మెక్‌డొనాల్డ్, ఎడ్డీ వాన్ హేలెన్ వచ్చారు. బీటిల్స్ జార్జ్ హారిసన్ కూడా వేదిక ఎక్కాడు. టోటోలో అతని కుర్చీలో సైమన్ ఫిలిప్స్ కూర్చున్నాడు. 1993లో మోడర్న్ డ్రమ్మర్ పత్రిక అతన్ని తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. తమ్ముడు మైక్ 2015లో పోయాడు. జో ఆ తర్వాత కూడా ఉన్నారు. చాలా ఏళ్లు పిల్లలకి పెర్కషన్ పాఠాలు చెప్పి, 2020లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇద్దరు కొడుకులకి లయ నేర్పిన తండ్రి, ఇద్దరి తర్వాతా బతికారు. అతని కథలో నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించే సంగతి ఇదే.

ఇక మీ పని. 'రొజానా' మొదటి అరనిమిషం పెట్టి, గట్టి దెబ్బల్ని వదిలేసి వాటి మధ్య దాక్కున్న 'కి'లని మాత్రమే వెతకండి. తర్వాత 'ఆఫ్రికా' పెట్టి, రెండేసి బార్లు లెక్కపెడుతూ లూప్ ఎక్కడ మళ్లీ మొదలవుతోందో పట్టుకోండి. చివరగా 'ఐ కీప్ ఫర్‌గెటిన్' పెట్టి, పాట మొత్తం హై-హ్యాట్ ఒక్కటే వినండి. మన కల్చరల్ ఫెస్ట్‌కి ల్యాప్‌టాప్‌లో బీట్లు చేస్తున్నవాళ్లకి ఒక చిన్న మాట: చేత్తో వాయించినదాన్ని రికార్డ్ చేశాక క్వాంటైజ్ బటన్ వెంటనే నొక్కకండి. ముందు రెండుసార్లు అలాగే వినండి. కొన్ని దెబ్బలు నిజంగానే తప్పుగా పడి ఉంటాయి, వాటిని సరిచెయ్యండి. మిగతావాటిని ఉండనివ్వండి.